క్రాంక్‌సెట్ మార్చాలి సరే, ముందు అది కూర్చునే చోటు చూడండి

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఒకే రోడ్ బైక్ తొక్కుతున్నాను. షిమానో కంపెనీ 11 స్పీడ్ గేర్లు, ముందున్న రెండు చైన్‌రింగులకి (పళ్ల చక్రాలకి) 50/34 పళ్లు, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) పొడవు 172.5 మి.మీ. నా ఎత్తు 165 సెంటీమీటర్లు. ఈమధ్య ఎడమ క్రాంక్ వదులవుతోంది. బిగించి బయల్దేరినా కాసేపటికి మళ్లీ టక్‌టక్‌మంటోంది. పెద్ద చైన్‌రింగ్ పళ్లు సూదిగా, ఒక పక్కకి వంగినట్టు అయిపోయాయి. మొత్తం క్రాంక్‌సెట్, అంటే క్రాంకులు, చైన్‌రింగులు, ఇరుసు అన్నీ మార్చేయమని మెకానిక్ అన్నాడు. ఫ్రేమ్‌లో ఇరుసు తిరిగే బేరింగుల అమరిక (బాటమ్ బ్రాకెట్) బీబీ86 ప్రెస్‌ఫిట్ రకం, అంటే మరలు లేకుండా నొక్కి ఎక్కించేది అని కూడా చెప్పాడు. ఆన్‌లైన్‌లో 30 మి.మీ. ఇరుసుతో తేలికైన కార్బన్ క్రాంక్‌సెట్ ఒకటి చూశాను, కంపెనీ పేరు ఎప్పుడూ విన్నది కాదు. ఇంకోపక్క నా స్నేహితుడు తన పాత షిమానో అల్టెగ్రా ఆర్8000 సెట్‌ని చవగ్గా ఇస్తానంటున్నాడు. మళ్లీ మళ్లీ ఈ టెన్షన్ లేకుండా నమ్మకంగా పనిచేసేది ఏది? ముందుముందు పవర్ మీటర్ (తొక్కే శక్తిని కొలిచే పరికరం) పెట్టించుకోవాలని కూడా ఉంది.

సమాధానం: మీరు అడిగిన రెండింటిలో ఏదీ తీసుకోవద్దు. కార్బన్‌ది మీ ఫ్రేమ్‌కి సరిగ్గా నప్పదు. స్నేహితుడిది ఎప్పుడు తయారైందో చూడకుండా చేత్తో కూడా ముట్టుకోవద్దు. రెండింటికీ కారణాలు చెబుతాను గానీ, అంతకంటే ముందు మొత్తం సెట్ మార్చాల్సిన పని నిజంగా ఉందా అన్నది తేల్చుకుందాం. మెకానిక్ చెప్పాడు కదా అని అక్కడితో ఆగక్కర్లేదు.

మీ ఎడమ క్రాంక్ మీద పక్కపక్కనే రెండు చిన్న అలెన్ బోల్టులు, మధ్యలో ఒక ప్లాస్టిక్ మూత ఉంటే అది షిమానో వాళ్ల హాలోటెక్ 2 తరహా. ఇందులో 24 మి.మీ. స్టీలు ఇరుసు కుడి క్రాంక్‌కి శాశ్వతంగా బిగించి ఉంటుంది. అది ఫ్రేమ్‌లోంచి ఇవతలికి వస్తే, దాని చివర చుట్టూ ఉన్న గాళ్ల (గాడుల) మీద ఎడమ క్రాంక్ కూర్చుంటుంది. ఆ రెండు బోల్టులు దాన్ని ఇరుసు చుట్టూ బిగబట్టి ఉంచుతాయి. ఇరుసు స్టీలు, క్రాంక్ అల్యూమినియం. వదులుగా ఉండగా తొక్కితే అరిగేది మెత్తనిదే, అంటే క్రాంక్ లోపలి గాళ్లు. స్టీలు ఇరుసు చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది.

కాబట్టి ఎడమ క్రాంక్ ఊడదీసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, టార్చి వేసి లోపల చూడండి. గాళ్ల అంచులు నలిగి గుండ్రంగా అయ్యాయంటే ఆ క్రాంక్ పని అయిపోయినట్టే, ఇక ఎంత బిగించినా నిలవదు. ఇరుసు మీది గాళ్లు పదునుగా ఉంటే మాత్రం ఎడమ క్రాంక్ ఒక్కటే మార్చుకోవచ్చు, అది విడిగా దొరుకుతుంది. మీ ఫిర్యాదు వదులవడం ఒక్కటే అయ్యుంటే నా సమాధానం ఇక్కడితో అయిపోయేది. కానీ పెద్ద చైన్‌రింగ్ కూడా పోయింది. ఎడమ క్రాంక్, పెద్ద రింగు విడివిడిగా కొని లెక్క వేసుకుంటే మధ్యస్థాయి సెట్‌లలో ఆ మొత్తం కొత్త సెట్ ధరకు దగ్గరగా వెళ్తుంది. పైగా మీకు క్రాంక్ పొడవు మార్చుకునే అవకాశం కూడా వస్తోంది, దాని గురించి కింద చెబుతాను. కనుక ఈసారికి మెకానిక్ మాటే నా మాట.

ఇక అసలు సంగతి. క్రాంక్‌సెట్ ఎంచుకోవడం బ్రాండ్ దగ్గరో, బరువు దగ్గరో మొదలవదు. ఫ్రేమ్ అడుగున ఇరుసు దూరే రంధ్రం దగ్గర మొదలవుతుంది. మీ బీబీ86లో ఆ గొట్టం వెడల్పు 86.5 మి.మీ., లోపలి వ్యాసం 41 మి.మీ. ఈ కొలతలు 24 మి.మీ. ఇరుసును మనసులో పెట్టుకుని చేసినవి. 41లోంచి 24 తీసేస్తే 17 మిగులుతుంది, అంటే ఇరుసుకు ఒక్కో వైపు ఎనిమిదిన్నర మి.మీ. చోటు. బేరింగూ దాన్ని పట్టి ఉంచే కప్పూ అందులో హాయిగా పడతాయి. అదే 30 మి.మీ. ఇరుసు దూర్చాలంటే ఒక్కో వైపు మిగిలేది ఐదున్నర మి.మీ. మాత్రమే. కప్పు మందం పోగా బేరింగ్‌కి దక్కే చోటు మరీ తక్కువ. అందులో పట్టే గోళీలు అంత చిన్నవి. అలాంటి బేరింగులు అమ్ముతున్నారు, పనిచేయవని కాదు. వానలో నాలుగు రైడ్‌లు పడేసరికి గరగరమనడం మొదలుపెడతాయి. తేలికైన క్రాంక్ కొని తరచూ బేరింగులు మార్చుకునే పని పెట్టుకోవడం ఎందుకు?

ఇదే ప్రశ్న మనసులో ఉన్న మిగతా పాఠకుల కోసం ఒక మాట. మీ ఫ్రేమ్‌లో మరలున్న బాటమ్ బ్రాకెట్ ఉంటే అదృష్టవంతులు. ఎక్కువగా కనిపించేది బీఎస్ఏ, గొట్టం వెడల్పు 68 మి.మీ., కుడి వైపు కప్పుకి ఎడమ మర ఉంటుంది, అంటే విప్పడానికి తిప్పే దిశ తిరగబడుతుంది. కొన్ని పాత ఇటలీ ఫ్రేములకు వెడల్పు 70, రెండు వైపులా మామూలు మరే. బీబీ30 అయితే రంధ్రం 42 మి.మీ., పీఎఫ్30 అయితే 46. వీటిలో 30 మి.మీ. ఇరుసు నిశ్చింతగా పడుతుంది, తగిన బాటమ్ బ్రాకెట్ వేస్తే 24 మి.మీ. ఇరుసు కూడా పడుతుంది. షిమానోకి పోటీ కంపెనీ శ్రామ్ పాత జీఎక్స్‌పీ ఇరుసు కుడి వైపు 24, ఎడమ వైపు 22. కొత్త డబ్ ఇరుసు 28.99 మి.మీ. చూడ్డానికి 24కీ 30కీ దగ్గరదగ్గరగా ఉన్నాయి కదా అని ఒకదాని బాటమ్ బ్రాకెట్‌లో ఇంకోటి పెట్టలేరు. స్థూలంగా చూస్తే 24 మి.మీ. స్టీలు ఇరుసుకు చోటివ్వని రోడ్ ఫ్రేము అరుదు. రేపు మీరు ఫ్రేము మార్చినా ఆ క్రాంక్ మీతో వస్తుంది. నమ్మకం అన్నప్పుడు నేను ముందు చూసేది ఇదే.

కార్బన్ గురించి నాకు పట్టింపేమీ లేదు. పేరున్న కంపెనీల కార్బన్ క్రాంకులు పోటీల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. కానీ పెడల్ బిగించే చోటా ఇరుసు కలిసే చోటా కార్బన్‌లో నేరుగా మర కోయరు, అక్కడ లోహపు ముక్కను అతికిస్తారు. ఆ అతుకు ఎంత బాగా చేశారన్నదాని మీదే క్రాంక్ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది, అది పైనుంచి చూస్తే తెలియదు. పేరు వినని కంపెనీది అయితే మీరు కొంటున్నది ఎవరో తెలియని మనిషి వేసిన జిగురుని. నిలబడి కొండెక్కుతున్నప్పుడు మీ బరువంతా మోసేది ఆ జిగురే. పైగా ఐదేళ్ల తర్వాత దానికి చైన్‌రింగ్ కావాలంటే ఆ కంపెనీ ఉంటుందో ఉండదో.

జిగురు అన్నాను కాబట్టి మీ స్నేహితుడి అల్టెగ్రా దగ్గరికి వద్దాం. అది మంచి క్రాంకే, పళ్ల మీద చైన్ మారే తీరులో దానికి వంక పెట్టలేం. కానీ 2023 సెప్టెంబరులో షిమానో తన 11 స్పీడ్ రోడ్ క్రాంకుల్లో కొన్నింటికి ప్రపంచమంతటా తనిఖీ ప్రకటించింది. అమెరికాలో ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ ద్వారా రీకాల్ కూడా చేసింది. జాబితాలో ఉన్నవి అల్టెగ్రా 6800, ఆర్8000, డ్యూరా ఏస్ 9000, ఆర్9100, దాని పవర్ మీటర్ రూపం ఆర్9100పీ. వీటిలో 2019 జులైకి ముందు తయారైనవన్నీ తనిఖీకి వస్తాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6,80,000 సెట్‌లు ఈ లెక్కలోకి వచ్చాయి. క్రాంక్ అతుకు విడిపోయిందంటూ అప్పటికే 4,519 ఫిర్యాదులు అందాయి, ఆరుగురికి గాయాలయ్యాయి, వాటిలో ఎముకలు విరిగినవి కూడా ఉన్నాయి.

ఈ క్రాంకు లోపల డొల్లగా ఉంటుంది. రెండు అల్యూమినియం ముక్కలను విడిగా చేసి, జిగురుతో కలిపి ఒకటిగా చేస్తారు. బరువు తగ్గేది అందుకే. ఆ అతుకులోకి చెమట, వాన నీరు చేరి లోహాన్ని తినడం మొదలుపెడితే జిగురు పట్టు సడలుతుంది. ముందు సన్నని గీత లాంటి సందు కనిపిస్తుంది, తర్వాత తొక్కినప్పుడల్లా చప్పుడు వస్తుంది, ఆపైన ఒకరోజు ముక్కలు విడిపోతాయి. పెడల్ మీద బలంగా నిలబడినప్పుడే అలా అయ్యే అవకాశం ఎక్కువ.

తయారీ కాలం తెలుసుకోవడం సులువు. క్రాంక్ లోపలి వైపు, పెడల్ దగ్గర, మోడల్ సంఖ్యతో పాటు రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. కేఎఫ్ అంటే 2012 జూన్, ఆర్‌ఎఫ్ అంటే 2019 జూన్. ఈ రెండింటి మధ్యలో ఉన్నదైతే రీకాల్ కాలానిదే. తనిఖీలో పాసైందని మీ స్నేహితుడు చెప్పినా నా అభిప్రాయం మారదు. ఆ రోజుకి సందు కనిపించలేదన్నదే ఆ తనిఖీ చెప్పేది, వచ్చే ఏడాది సంగతి కాదు. కొత్తగా కొనేటప్పుడు ఆ దిగులు నెత్తిన పెట్టుకోవడం దేనికి? చవగ్గా వస్తోందనా? అన్నట్టు, దాన్ని కొనకపోయినా ఆ అక్షరాలు చూసుకోమని మీ స్నేహితుడికి తప్పకుండా చెప్పండి. తొక్కుతున్నది ఆయనే కదా. ఇప్పుడు మీ బైక్ మీద ఉన్నది కూడా 11 స్పీడే కాబట్టి, పారేసే ముందు దాని మీది సంఖ్య కూడా చూడండి. జాబితాలో ఉంటే అధీకృత డీలర్ దగ్గరికి తీసుకెళ్లడం మీ హక్కు.

మరి ఏది కొనాలి? షిమానో 105 ఆర్7000, 50/34. పెద్దగా ఆసక్తి కలిగించే సమాధానం కాదు, తెలుసు. 2023 జాబితాలో 105 లేదు. ఇరుసు అదే 24 మి.మీ. స్టీలు, మీ బీబీ86లో సరిగ్గా కూర్చుంటుంది. అల్టెగ్రా ఆర్8000 కంటే బరువు ఎక్కువే, ఎంతంటే సుమారు 40 గ్రాములు. నీళ్ల సీసాలో రెండు గుక్కలు తక్కువ పోసుకుంటే సరిపోయే తేడా. ఆర్7000 మీకు దొరక్కపోతే అదే 11 స్పీడ్‌లో ఆర్‌ఎస్510 చూడండి. ఇంకాస్త బరువు, కాస్త మోటుగా ఉంటుంది, కానీ పని చేస్తుంది.

12 స్పీడ్ కోసం వచ్చిన కొత్త 105 ఆర్7100 కొంటే కొత్తది వచ్చినట్టూ ఉంటుంది కదా అనిపించవచ్చు. వద్దు. చైన్‌లైన్, అంటే ఫ్రేమ్ మధ్య నుంచి చైన్‌రింగుల దాకా ఉండే దూరం, పాతదానిలో 43.5 మి.మీ., కొత్తదానిలో 44.5. ఒక్క మి.మీ.యే గానీ మీ ముందు డీరెయిలర్ (చైన్‌ని ఒక రింగు నుంచి ఇంకోదానికి జరిపేది) సర్దుబాటు ఆ ఒక్క మి.మీ. చుట్టూనే తిరుగుతుంది. మీ బైక్ మీద మిగతావన్నీ 11 స్పీడ్ అయినప్పుడు క్రాంక్ కూడా 11కి చేసిందే తీసుకోండి. శ్రామ్ ఏఎక్స్ఎస్ రోడ్ సెట్‌లు అయితే అసలు చూడొద్దు. వాటి ఫ్లాట్‌టాప్ చైన్ రోలర్లు మామూలు వాటికంటే పెద్దవి, చైన్‌రింగ్ పళ్లు వాటికి తగ్గట్టే కోస్తారు.

పళ్లు 50/34 అలాగే ఉంచండి. ఉంచితే ముందు డీరెయిలర్ ఎత్తు మార్చక్కర్లేదు, చైన్ పొడవు మార్చక్కర్లేదు. కొండలు కష్టమవుతున్నాయని షిమానో గ్రావెల్ (మట్టిదారి) బైకులకి చేసే 46/30 జీఆర్ఎక్స్ మీద కన్నేసేవాళ్లు ఉంటారు. ఆలోచన మంచిదే, కానీ జీఆర్ఎక్స్ చైన్‌లైన్ రోడ్ సెట్ కంటే రెండున్నర మి.మీ. బయటికి ఉంటుంది, కాబట్టి ముందు డీరెయిలర్ కూడా జీఆర్ఎక్స్‌దే వేయాలి. ఒకటి కొనబోయి రెండు కొనాల్సి వస్తుంది.

ఇప్పుడు పొడవు. 165 సెంటీమీటర్ల ఎత్తుకి 172.5 క్రాంక్ ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. బైక్‌తో పాటు వచ్చింది వచ్చినట్టు తొక్కేస్తున్నారనుకుంటాను. చాలామంది చేసేదే అది. పొడుగు క్రాంకుతో బలం ఎక్కువ వస్తుందన్న నమ్మకం పాతది. మార్టిన్, స్పిర్డూసో 2001లో ప్రచురించిన పరిశోధనలో 120 నుంచి 220 మి.మీ. వరకు ఐదు పొడవుల క్రాంకులతో శిక్షణ పొందిన సైక్లిస్టుల గరిష్ఠ శక్తిని కొలిచారు. అంత పెద్ద తేడాలోనూ శక్తిలో తేడా 4 శాతం దాకానే వచ్చింది, మంచి ఫలితం 145, 170 దగ్గర కనిపించింది. అంటే 165కీ 172.5కీ మధ్య పోగొట్టుకునే శక్తి ఏమీ లేనట్టే. వచ్చే లాభం మాత్రం ఉంది: పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు, తుంటి తక్కువ మడుచుకుంటాయి. పొట్టివాళ్లకి ఆ సుఖం బాగా తెలుస్తుంది. మీకంటే ఎత్తు ఎక్కువున్న టూర్ డి ఫ్రాన్స్ విజేత తదేయ్ పొగచార్ కూడా 2024లో 165కి మారాడు, కాబట్టి చిన్నది వేసుకున్నానని నామోషీ అక్కర్లేదు.

165 తీసుకోండి. దాంతోపాటు సీటు ఏడున్నర మి.మీ. పైకి లేపాలి, ఎందుకంటే కిందికి వచ్చినప్పుడు పెడల్ ఇప్పుడు అంత తక్కువ లోతుకి దిగుతుంది. ఇది చేయకుండా పొట్టి క్రాంక్ నాకు పడలేదనే వాళ్లను చూస్తుంటాను. ఇంకొకటి, అదే గేరు మునుపటి కంటే కాస్త గట్టిగా అనిపిస్తుంది, పొడవు నాలుగు శాతం తగ్గింది కదా. కొండ మీద ఒక గేరు తేలికది వాడితే సరి. వెనక పెద్ద చక్రం 30 పళ్లది ఉండి, మీ వెనుక డీరెయిలర్ ఒప్పుకుంటే, తర్వాత క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) మార్చేటప్పుడు 32కి వెళ్లండి.

కొన్నాక బిగించడం. మీ పాత క్రాంక్ వదులవడానికి కారణం తొంభై పాళ్లు ఇక్కడే ఉంటుందని నా అనుమానం. మధ్యలో ఉండే ఆ ప్లాస్టిక్ మూత క్రాంక్‌ని పట్టి ఉంచడానికి కాదు. బేరింగులకి పక్క నుంచి ఆటలేకుండా చేయడమే దాని పని. దానికి 0.7 నుంచి 1.5 న్యూటన్ మీటర్లు చాలు, అంటే వేళ్లతో తిప్పినంత. దాన్ని బలంగా బిగిస్తే బేరింగులు నలుగుతాయి. తర్వాత చిన్న ప్లేటు పిన్నును రంధ్రంలోకి నొక్కాలి. క్రాంక్ జారిపోకుండా చివరి అడ్డు అదే, చాలామంది దాన్ని మరిచిపోతారు. అప్పుడు రెండు పక్క బోల్టులనీ 12 నుంచి 14 న్యూటన్ మీటర్లకి బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకూడదు. ఇది కొంచెం, అది కొంచెం, మళ్లీ ఇది, అలా మార్చి మార్చి బిగించాలి. రెండోది బిగించేసరికి మొదటిది సడలుతుంది కాబట్టి రెండూ కదలనని మొండికేసేదాకా తిరిగి తిరిగి చూడాలి. చేతి అంచనా మీద వదిలేయకండి, టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్ దగ్గరే చేయించండి. గాళ్ల మీద పల్చగా గ్రీజు పూయమనండి. మొదటి రైడ్ అయ్యాక మళ్లీ ఒకసారి ఆ రెండు బోల్టులూ చూసుకోండి. ఎప్పుడైనా వదులైనట్టు అనిపిస్తే ఇంటిదాకా వెళ్లి చూద్దాంలే అనుకోకండి. ఆ ఇంటిదాకా తొక్కడంలోనే గాళ్లు పోతాయి.

క్రాంక్ బయటికి వచ్చినప్పుడే బాటమ్ బ్రాకెట్ బేరింగుల్ని వేలితో తిప్పి చూడండి. గరుకుగా తగిలితే అదీ మార్చేయండి. ప్రెస్‌ఫిట్ కప్పుల్ని ప్రెస్ పరికరంతోనే ఎక్కించాలి, సుత్తితో కొట్టే మెకానిక్ అయితే బైక్ తీసుకుని వచ్చేయండి. చైన్‌ని కూడా కొలిపించండి. 11 స్పీడ్‌లో అర శాతం సాగిందంటే మార్చేయడం మేలు, లేకపోతే కొత్త చైన్‌రింగ్ పళ్లను పాత చైన్ తన ఆకారానికి అరగదీస్తుంది. పెడళ్ల మరలకి గ్రీజు రాసి, ఎడమ పెడల్‌కి ఎడమ మర అని గుర్తుంచుకుని, మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పండి. అడ్డంగా ఎక్కిన మరతో పాడైన కొత్త క్రాంకుకి వారంటీ వర్తించదు.

పవర్ మీటర్ సంగతి తేలిక. షిమానో ఎడమ క్రాంక్ మీద అతికించిన మీటర్లు విడిగా దొరుకుతాయి, 24 మి.మీ. ఇరుసు తీసుకుంటే ఆ దారి తెరిచే ఉంటుంది. అయితే అవి ఎడమ కాలు శక్తిని కొలిచి రెండింతలు చేస్తాయి, మీ కుడి కాలు బలమైనదైతే లెక్క తప్పుతుంది. నన్నడిగితే పెడల్‌లో ఉండే రకం నయం, ఏ బైక్‌కైనా మార్చుకోవచ్చు. పెట్టుకున్న రోజే సెట్టింగ్‌లో క్రాంక్ పొడవు 165 అని వేయండి. అలవాటు కొద్దీ 172.5 అని ఉంచేస్తే ప్రతి రైడ్‌లోనూ నాలుగున్నర శాతం ఎక్కువ శక్తి చూపిస్తుంది.